పసుపు పని పసుపుది, సబ్బు పని సబ్బుది

నాట్లు, కలుపుతీతల కాలం వచ్చిందంటే రామాయంపేట చుట్టుపక్కల పల్లెల్లో రెండు రకాల ఆటోలు తిరుగుతాయి. పొద్దున కైకిలి అక్కలను పొలాలకు తీసుకుపోయే ఆటోలు ఒక రకం. సాయంత్రం వాంతులు, విరేచనాలతో నీరసించినవాళ్లను దవాఖానకు తీసుకొచ్చే ఆటోలు రెండో రకం. పొద్దంతా వంగి సంపాదించిన కూలి ఆ రెండో ఆటో కిరాయికి, సూదికి, గోలీలకు పోతుంది. మరునాటి పనీ పోతుంది.

"ఏం తిన్నరు?" అని అడిగితే జవాబు ఒకటే. "ఎప్పటి సద్దే తిన్నం. పసుపేసినం, ఎల్లిగడ్డేసినం, మంచిగనే వండినం. ఎందుకైందో ఏమో."

ఈ మాట మీద ఊళ్లో రెండు వాదాలు నడుస్తాయి. "మన పోపుల డబ్బాయే పెద్ద దవాఖాన. పసుపు, మిరియం ఉన్న ఇంటికి క్రిమి రాదు" అనేవాళ్లు ఒకవైపు. "అదంతా ముసలమ్మల ముచ్చట, గోలీ వేసుకుంటేనే తగ్గుతది" అనేవాళ్లు ఇంకోవైపు. ఈ రెండూ సగం నిజాలే. సగం నిజాన్ని నమ్ముకుంటే కూలివాడికే నష్టం. పట్నంలో ఉన్నోళ్ల ఇంట్లో ఫ్రిజ్ ఉంటది, నల్లా ఉంటది, మిగిలినది పారేసే స్తోమత ఉంటది. పొలంగట్టు మీద మనకు ఉన్నది ఒక టిఫిను డబ్బా, ఒక చెట్టు నీడ. కాబట్టి మొక్కల్లో ఉన్న మందు ఎంతవరకు పనిచేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో అందరికంటే ముందు మనకే తెలియాలి.

సద్ది డబ్బాలో ఏం జరుగుతుంది?

తెల్లవారుజామున ఐదింటికి అన్నం వండుతాం. వేడివేడిగా డబ్బాలో కుక్కి మూత బిగిస్తాం. పొలం కాడ చెట్టుకింద పెడతాం. తినేది మధ్యాహ్నం ఒంటిగంటకో, రెండింటికో. అంటే ఎనిమిది, తొమ్మిది గంటలు ఆ అన్నం వేడీ కాదు, చలీ కాదు, గోరువెచ్చగా ఉంటుంది. బాక్టీరియాకు కావలసింది సరిగ్గా అదే.

బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా మట్టిలో ఉంటుంది. మట్టిలో పండే వడ్లతో పాటు బియ్యంలోకీ వస్తుంది. దీని బీజాలు గడ్డి విత్తనాల వంటివి. ఎండాకాలమంతా ఎండి పడివున్న గడ్డి విత్తు తొలకరికి మొలిచినట్టు, ఉడుకులో చావకుండా మిగిలిన ఈ బీజాలు అన్నం గోరువెచ్చబడగానే మొలుస్తాయి. పెరిగి ఒక విషం విడుస్తాయి. ఆ విషం తిరిగి వేడి చేసినా విరగదు. అందుకే "మళ్లీ పొయ్యి మీద పెట్టినం కదా" అన్నా లాభం లేదు. తిన్న అరగంట నుంచి ఆరు గంటల లోపల వాంతులు మొదలవుతాయి.

రెండోది స్టాఫిలోకాకస్. ఇది మనుషుల ముక్కులో, చర్మం మీద, చీము పట్టిన గాయాల్లో ఉంటుంది. కొడవలి గాటు, పత్తికాయ గీరుకున్న వేలు, వాటితోనే అన్నం కలిపితే గిన్నెలోకి దిగుతుంది. దీని విషం కూడా వేడికి లొంగదు.

మూడో రకం సాల్మొనెల్లా, ఇ.కోలి వంటివి. ఇవి మలం తగిలిన నీటి ద్వారా, సరిగా ఉడకని కోడిమాంసం, గుడ్ల ద్వారా వస్తాయి. వీటికి బీజాలు లేవు. బాగా ఉడికితే చస్తాయి. కానీ ఉడికిన కూరను కడగని చేత్తో, మురికి నీళ్లతో ముట్టుకుంటే మళ్లీ వచ్చి చేరతాయి.

ఇది చిన్న సంగతి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో వేసిన లెక్క ప్రకారం చెడిన తిండి వల్ల ప్రపంచంలో ఏటా 60 కోట్లమంది జబ్బుపడుతున్నారు. 4 లక్షల 20 వేలమంది చనిపోతున్నారు. వారిలో లక్షా 25 వేలమంది ఐదేళ్లలోపు పిల్లలు.

మొక్క ఆయుధం

ఇక పోపుల డబ్బా సంగతికి వద్దాం. మొక్కకు కాళ్లు లేవు, పురుగు వస్తే పారిపోలేదు. బూజు పడితే దులుపుకోలేదు. అందుకే తనను తాను కాపాడుకునే రసాయనాలను తన ఒంట్లోనే తయారు చేసుకుంటుంది. మనం ఘాటు అని, కారం అని, వగరు అని, వాసన అని పిలుచుకునేవి చాలావరకు ఈ రసాయనాలే. మన కోసం అవి పుట్టలేదు. మొక్క తన బతుకు కోసం చేసుకున్న ఆయుధాన్ని మనిషి వంటింట్లోకి తెచ్చుకున్నాడు.

ఎల్లిగడ్డ రెబ్బను చితగ్గొట్టనంతవరకు పెద్దగా వాసన రాదు. చితగ్గొట్టగానే వేర్వేరు గదుల్లో ఉన్న రెండు పదార్థాలు కలిసి అల్లిసిన్ అనే కొత్త పదార్థం పుడుతుంది. 1944లో అమెరికాలో కవాల్లిటో, బెయిలీ అనే శాస్త్రవేత్తలు దీన్ని విడదీసి, బాక్టీరియాను చంపే గుణం ఉందని చూపించారు. పసుపులో ఉండే కుర్కుమిన్‌కు బాక్టీరియాను అణచే శక్తి ఉందని 1949లోనే 'నేచర్' అనే పేరున్న పత్రికలో అచ్చయింది. లవంగంలో యూజినాల్, ఓమలో థైమాల్, దాల్చిన చెక్కలో సిన్నమాల్డిహైడ్, నూరిన ఆవాల ఘాటులో ఇంకొకటి. ఇలా చెప్పుకుంటూ పోతే పెద్ద పట్టికే అవుతుంది.

ఇవి పనిచేసే తీరు కూడా తెలిసిందే. బాక్టీరియా చుట్టూ పలచని పొర ఉంటుంది. అది చెరువుకు కట్ట వంటిది. ఓమలోని, లవంగంలోని పదార్థాలు ఆ కట్టకు గండి కొడతాయి. లోపలి సరుకు బయటికి కారిపోయి బాక్టీరియా చస్తుంది. అల్లిసిన్ తీరు వేరు. అది లోపలికి చొరబడి బాక్టీరియా బతకడానికి కావలసిన ఎంజైములను పనిచేయకుండా కట్టేస్తుంది.

కాబట్టి మన అవ్వలు చెప్పింది వట్టి మూఢనమ్మకం కాదు. అక్షరం రాని మనుషులు వందల ఏండ్లు చూసి, రుచి చూసి, నిలబెట్టుకున్న తెలివి అది. దాన్ని ఎగతాళి చేసేవాళ్లు ముందు ఆ కాగితాలు చదవాలి.

గాజుసీసాలో నిజం, గిన్నెలో నిజం

అయితే అక్కడితో ఆగితే మోసపోతాం. ప్రయోగశాలలో గాజుసీసాలో పలచటి ద్రావణం ఉంటుంది. అందులో బాక్టీరియాను వేసి, మొక్క సారాన్ని వేసి చూస్తారు. గిన్నెలో ఉన్నది ద్రావణం కాదు, అన్నం, పప్పు, నూనె. ఈ పదార్థాలను కొవ్వు, మాంసకృత్తులు పట్టి ఉంచుకుంటాయి. సీసాలో పనిచేసిన మోతాదు గిన్నెలో చాలదు. ఎన్నో రెట్లు వేయాలి. అంత లవంగం వేసిన కూర ఎవరు తినగలరు?

పసుపు సంగతే చూడండి. వంద గ్రాముల పసుపులో కుర్కుమిన్ దాదాపు మూడు గ్రాములు. అది నీళ్లలో సరిగా కరగదు. కూరలో వేసే చిటికెడులో ఎంత ఉంటుందో లెక్క కట్టుకోవచ్చు. ఎల్లిగడ్డలోని అల్లిసిన్ ఉడికించే కొద్దీ తగ్గిపోతుంది. పైగా సాల్మొనెల్లా, ఇ.కోలి వంటి వాటికి పొర మీద ఇంకో పొర ఉంటుంది. అందుకే అవి మిగతా వాటికంటే మొండిగా నిలబడతాయి.

అన్నింటికంటే ముఖ్యమైన మాట ఒకటి. బాసిల్లస్ బీజాలను మనం కూరలో వేసే మసాలా చంపలేదు. ఒకసారి విడుదలైన విషాన్ని ఏ ఆకూ, ఏ వేరూ వెనక్కి తీయలేదు. పొద్దటి అన్నంలో పసుపు వేసినంత మాత్రాన మధ్యాహ్నానికి అది భద్రం కాదు.

ఇంకో మాట. మసాలా దినుసే బాక్టీరియాను మోసుకురావచ్చు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2013లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2007 నుంచి 2009 వరకు ఆ దేశానికి దిగుమతైన మసాలా సరుకుల్లో నూటికి దాదాపు 7 వాటిలో సాల్మొనెల్లా దొరికింది. ఇది మన చేతుల తప్పు కాదు. కల్లం లేక, టార్పాలిన్ లేక మట్టి మీద, రోడ్డు పక్కన ఆరబోస్తే పిట్టలు, ఎలుకలు తిరుగుతాయి. ఆరబోసే చోటు అడగడం రైతు హక్కు, తినేవాడికి రక్షణ. అందుకే వండిన తర్వాత పైన పచ్చి మసాలా పొడి చల్లడం కంటే ఉడికేటప్పుడు వేయడం మేలు. ఇక కల్తీ సంగతి వేరే. బంగ్లాదేశ్‌లో పసుపు మెరవాలని సీసం ఉన్న పచ్చరంగు కలుపుతున్నట్టు 2019లో పరిశోధకులు బయటపెట్టారు. మందు అనుకున్నదే విషమైంది.

పులుపు కాపాడేది ఎక్కువ

మన వంటలో నిజంగా ఎక్కువ కాపలా కాసేది ఘాటు కాదు, పులుపు. సద్దుల బతుకమ్మ నాడు ఆడవాళ్లు చెరువు కాడికి ఏం తీసుకుపోతారో గుర్తు చేసుకోండి. పెరుగు సద్ది, చింతపండు పులిహోర సద్ది, నువ్వుల సద్ది. బతుకమ్మ ఆడి, చెరువులో వదిలి, పొద్దుగూకినంక కూర్చుని తినే అన్నం అది. వాటిలో చింతపండులోని టార్టారిక్ ఆమ్లం, పెరుగులోని లాక్టిక్ ఆమ్లం బాక్టీరియాను పెరగనివ్వవు. రాత్రి అన్నంలో నీళ్లు, మజ్జిగ పోసి పులియబెట్టే సద్దన్నం కూడా అదే సూత్రం. మంచి బాక్టీరియా ముందుగా పెరిగి, పులుపు పుట్టించి, చెడ్డవాటికి చోటు లేకుండా చేస్తుంది. మామిడికాయ తొక్కులో పులుపుకు ఉప్పు, నూనె తోడవుతాయి.

ఇక్కడా హద్దు ఉంది. పులుపు చాలా బాక్టీరియాను పెరగనివ్వదు గానీ ఉన్నవాటన్నిటినీ చంపదు. మురికి నీళ్లతో కలిపిన పచ్చిపులుసు పుల్లగా ఉన్నా ప్రమాదమే. కళాయి లేని రాగి, ఇత్తడి గిన్నెల్లో పులుపు నిలవ ఉంచితే లోహం దిగి అదొక విషం.

తెల్లన్నం, పప్పు మూటగట్టుకుపోతే ఈ కాపలా కూడా ఉండదు. మరి రోజూ పులిహోర ఎందుకు కట్టుకుపోరు అంటారా? చింతపండు ధర అడగండి. చింతపండు పిరమైతే పులుసు పలచనవుతుంది. పులుసు పలచనైతే కాపలా పలచనవుతుంది. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో 'అమ్మహస్తం' పేరుతో రేషన్ దుకాణంలో 185 రూపాయలకు 9 సరుకులు ఇచ్చారు. అందులో చింతపండు, పసుపు, కారం, ఉప్పు ఉండేవి. ఆ సంచీ ఎక్కువ కాలం నిలవలేదు. సన్నబియ్యం ఇస్తే సంతోషమే. ఆ బియ్యాన్ని అన్నం చేసి మధ్యాహ్నం దాకా నిలబెట్టే చింతపండు, నూనె, పప్పు కూడా అడగవలసిందే.

కారం తినేది ఎండ వల్లనా, పేదరికం వల్లనా?

1998లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒక పరిశోధన అచ్చువేశారు. 36 దేశాల వంటకాలను తీసుకుని, ఎండ ఎక్కువ ఉన్న దేశాల్లో మసాలా ఎక్కువని, అది క్రిములను చంపడానికే అలవాటైందని అన్నారు. వినడానికి బాగుంది. ఇరవై ఏండ్లు అందరూ అదే చెప్పారు.

2021లో ఆస్ట్రేలియా పరిశోధకులు 70 రకాల వంట సంప్రదాయాల నుంచి 33,750 వంటకాలు తీసుకుని మళ్లీ లెక్క వేశారు. ఎండకూ మసాలాకూ నేరుగా సంబంధం నిలబడలేదు. కారం ఎక్కువ తినే దేశాల్లో చెడు తిండి జబ్బులు ఎక్కువే. కానీ అదే లెక్కలో ఆ దేశాల్లో రోడ్డు ప్రమాదాల చావులు కూడా ఎక్కువే అని తేలింది. మిరపకాయ తిన్నందుకు బస్సు బోల్తా పడదు కదా! అసలు సంగతి పేదరికం. పేద దేశంలో తిండి జబ్బులూ ఎక్కువ, రోడ్డు చావులూ ఎక్కువ.

ఈ లెక్క మనకు చెప్పేది సూటిగా ఉంది. వందల ఏండ్లుగా ఇంత మసాలా తింటున్న మన ఇండ్లలోనే ఈ జబ్బులు పోలేదు. మసాలా లోటు వల్ల కాదు ఈ జబ్బులు. మంచినీళ్ల లోటు, మరుగుదొడ్డి లోటు, కట్టెల లోటు, తీరిక లోటు వల్ల.

ఓమ కథ కూడా ఇదే చెబుతుంది. వందేళ్ల కింద, చెప్పులు లేకుండా మట్టిలో పనిచేసే కూలీలను కొంకిపురుగు పీక్కుతినేది. పేగుల్లో చేరి రక్తం తాగేది. దానికి అప్పుడు వాడిన మందు థైమాల్, మన ఓమలో ఉండే పదార్థమే. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో 1909 నుంచి 1914 వరకు రాక్‌ఫెల్లర్ కమిషన్ దీన్ని పెద్ద ఎత్తున పంచింది. పురుగు పడిపోయేది. కానీ మనిషి మళ్లీ మలం కలిసిన మట్టిలో వట్టి కాళ్లతో నడిస్తే పురుగు మళ్లీ ఎక్కేది. మందుతో పాటు మరుగుదొడ్డి, కాళ్లకు చెప్పులు వచ్చిన చోటనే జబ్బు తగ్గి నిలబడింది. మొక్క మందు ఇవ్వగలదు. మరుగుదొడ్డి కట్టించలేదు.

పసుపు విలువ ఎవరి సంచిలోకి?

మొక్కల్లో శక్తి లేదని కంపెనీలు ఎన్నడూ అనలేదు. 1995 మార్చిలో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి, గాయం మాన్పడానికి పసుపు వాడటం మీద పేటెంటు ఇచ్చారు. మన అవ్వ పెట్టే పసుపుకు వాళ్ల ముద్ర! మన దేశ శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథాలు, పాత వైద్య పత్రికలు చూపించి సవాలు చేసింది. 1997 ఆగస్టులో ఆ పేటెంటు రద్దయింది. మంచిదే.

పేటెంటు రద్దయింది గానీ పసుపు రైతు కష్టం రద్దు కాలేదు. మన రామాయంపేట మీదుగా నాగపూర్ పోయే హైవే పట్టుకుని పైకి పోతే కామారెడ్డి, ఆ తర్వాత నిజామాబాద్ జిల్లా పసుపు చేలు. తవ్వే కూలి, ఉడకబెట్టే కూలి, ఎండబోసే కూలి అక్కడ మనవాళ్లే. గిట్టుబాటు ధర, పసుపు బోర్డు కావాలని 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌లో 178 మంది రైతులు నామినేషన్లు వేసి నిలబడ్డారు. మొత్తం అభ్యర్థులు 185 మంది! జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. రైతు క్వింటాలు లెక్కన అమ్మిన కొమ్ము నుంచే కర్మాగారంలో కుర్కుమిన్ సారం తీసి, మందుగా, రంగుగా గ్రాముల లెక్కన అమ్ముతారు. ఆ సారం తీసే పని సహకార సంఘాల చేతికి రావాలి. బోర్డు బోర్డు మీద పేరు కోసం కాదు, రైతుకు, కూలికి గిట్టడం కోసం ఉండాలి.

గోలీ మీద కూడా ఒక మాట

పోపుల డబ్బా మీదనే భారం వేయవద్దు అంటే గోలీ మీద భారం వేయమని కాదు. భీమవరంలో 1895లో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లే సంస్థ పరిశోధనలకు నాయకుడుగా ఉన్న కాలంలోనే అక్కడ డగ్గర్ అనే శాస్త్రవేత్త ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కనిపెట్టారు. అది 1948లో లోకానికి తెలిసింది. ఎందరి ప్రాణాలో నిలిపింది. అదే సంవత్సరం సుబ్బారావు గారు చనిపోయారు. ఆ తర్వాత కొద్దికాలానికే, ఆ మందును దాణాలో కలిపితే కోళ్లు తొందరగా పెరుగుతున్నాయని తెలిసింది. జబ్బు లేని కోడికి కూడా మందు మేపడం వ్యాపారమైంది. ఫలితం, మందుకు లొంగని బాక్టీరియా పుట్టుకొచ్చింది.

దాణాలో పెరుగుదల కోసం యాంటీబయాటిక్ కలపడాన్ని యూరప్ దేశాలు 2006 జనవరి నుంచి ఆపేశాయి. ఇక్కడ 2019 జూలైలో కోళ్లు, చేపలు, తినే పశువుల మేతలో కొలిస్టిన్ అనే మందును కేంద్రం నిషేధించింది. అది మనుషులకు చివరి దిక్కుగా దాచుకోవలసిన మందు. దాని బదులు దాణాలో ఓమ, లవంగం వంటి మొక్కల నూనెలు కలపవచ్చా అని ఎన్నో దేశాల్లో ప్రయత్నిస్తున్నారు. మొక్కల సారానికి నిజంగా పనికొచ్చే చోటు ఇటువంటిది, కొలిచి, పరీక్షించి, తగిన మోతాదులో వాడే చోటు.

మనుషుల్లో కూడా అంతే. మామూలు వాంతులు, విరేచనాలకు ఊరి వైద్యుడు రెండు గొట్టం గోలీలు ఇచ్చి, ఒక బాటిల్ ఎక్కించి డబ్బు తీసుకోవడం చూస్తూనే ఉన్నాం. చాలాసార్లు ఆ గోలీ అవసరమే ఉండదు. తిన్నది విషమైతే గోలీ ఆ విషాన్ని ఏమీ చేయదు. కావలసింది పోయిన నీరు, ఉప్పు తిరిగి ఒంట్లోకి చేరడం. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో కలరా వచ్చి, ఎక్కించే సెలైన్ అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు తాగించి వేలమందిని నిలబెట్టాడు. లీటరు కాచి చల్లార్చిన నీళ్లు, ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. చెంచా మీద గుట్టగా కాకుండా సమంగా. ఉప్పు ఎక్కువ కావద్దు. ఆశా అక్క దగ్గర ఓఆర్‌ఎస్ పొట్లం ఉంటే అది ఇంకా మేలు. విరేచనంలో రక్తం పడినా, మూత్రం ఆగినా, కండ్లు లోపలికి పోయినా, పిల్లవాడు మత్తుగా పడి నీళ్లు తాగకపోయినా ఇంట్లో ఉంచవద్దు. వెంటనే సర్కారు దవాఖానకు తీసుకుపోవాలి.

ఎవరు చేయవలసింది ఏది?

ఇంట్లో మన చేతిలో ఉన్నవి కొన్ని. వేడి అన్నాన్ని లోతు డబ్బాలో కుక్కకుండా వెడల్పు పళ్లెంలో తొందరగా ఆరబెట్టి కట్టుకోవాలి. వండినప్పటి నుంచి తినేదాకా గంటలు తగ్గించాలి. వీలైన రోజు పులుపు కలిపిన అన్నమో, మజ్జిగ అన్నమో కట్టుకోవాలి. గాటు పడిన చేతికి గుడ్డ కట్టి, ఆ చేత్తో అన్నం కలపవద్దు. గాయం మీద పసుపు పెట్టినా ధనుర్వాతం సూది వేయించుకోవడం మానవద్దు. పురుగుమందు డబ్బా ఎంత కడిగినా నీళ్లకు, నూనెకు వాడవద్దు. 2013 జూలైలో బీహార్‌లో ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయింది బాక్టీరియా వల్ల కాదు, వంటలో చేరిన పురుగుమందు వల్ల.

ఇంట్లో మన చేతిలో లేనివి చాలా ఉన్నాయి. పొలంలో మందు కొట్టిన చేతులు, బురద చేతులు కడుక్కోవడానికి నీళ్లు, సబ్బు ఎవరు పెట్టాలి? పని చేయించుకునే ఆసామి పెట్టాలి. పది రూపాయల సబ్బు ముక్క, ఒక బిందె మంచినీళ్లు. నాట్ల గుంపు కూలి మాట్లాడుకునే రోజే ఈ మాట కూడా మాట్లాడుకోవాలి. 2005 ఉపాధి హామీ చట్టం షెడ్యూలులో పనిచోట తాగునీరు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని రాశారు. అది ఊరికే రాలేదు, కొట్లాడితే వచ్చింది. సర్కారు పనికి పెట్టిన ఆ నియమం పటేలు పొలానికి ఎందుకు వర్తించకూడదు?

పిల్లల సంగతి ఇంకా ముఖ్యం. మన బిడ్డలు చదివేది సర్కారు బడుల్లో, హాస్టళ్లలో. 2022 జూలైలో బాసర ట్రిపుల్ ఐటీ మెస్‌లో తిని వందమందికి పైగా విద్యార్థులు జబ్బుపడ్డారు. 2024 నవంబరులో నారాయణపేట జిల్లా మాగనూరు ఉన్నత పాఠశాలలో పిల్లలు పడిపోతే హైకోర్టు దాకా పోయింది. 2015లో వచ్చిన మధ్యాహ్న భోజన నిబంధనల ప్రకారం వండిన అన్నం నమూనాలను గుర్తింపు ఉన్న ప్రయోగశాలలో పరీక్షించాలి. పిల్లలకు పెట్టే ముందు పెద్దలు, వాళ్లలో ఒక ఉపాధ్యాయుడు తప్పనిసరిగా రుచి చూడాలి. మన ఊరి బడిలో ఆ పరీక్ష ఎప్పుడు జరిగింది? కాగితం చూపించమని తల్లిదండ్రులు అడగాలి.

అడిగేటప్పుడు ఒక జాగ్రత్త. ఏదైనా జరిగిన రోజు అందరి వేలూ వంట చేసే ఆడమనిషి వైపే పోతుంది. కేంద్రం 2009లో ఆమెకు నిర్ణయించిన గౌరవ వేతనం నెలకు వెయ్యి రూపాయలు. నల్లా లేని వంటగదిలో, పొగలో, వందల మందికి వండుతుంది. చేతికి గాయమైనా, విరేచనాలైనా సెలవు పెడితే పూట గడవదు, కాబట్టి అలాగే వండుతుంది. వంట కార్మికురాలికి జీతంతో కూడిన జబ్బు సెలవు ఇవ్వడం పిల్లల కడుపుకు పసుపు కంటే పెద్ద రక్ష. ఆమెను తిట్టేవాళ్లు ఆమె జీతం గురించి ఎన్నడైనా అడిగారా?

రేపు ఎవరైనా మన వాడకు వచ్చి "మీ సంప్రదాయం గొప్పది, పసుపు వాడండి, రోగాలు రావు" అని చెబితే వినండి. పసుపు మంచిదే, వాడుతూనే ఉన్నాం అని చెప్పండి. ఆ తర్వాత "మరి మా నల్లా ఎప్పుడు పెడతరు?" అని అడగండి. అవ్వ ఇచ్చిన పోపుల డబ్బా మన దగ్గర భద్రంగానే ఉంది. మనకు ఇంకా రాని బాకీలు నీళ్లు, సబ్బు, మరుగుదొడ్డి, కడుపునిండే కూలి. ఈ నాట్ల సీజనులోనే ప్రతి గుంపూ కూలి రేటుతో పాటు బిందె నీళ్లు, సబ్బు ముక్క అడిగి తీసుకోవాలి. ఒక ఊరు గెలిస్తే పక్క ఊరు అడుగుతుంది.